పాత కారుకు ఏ చక్రం?

పిల్లలూ! ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 1965లో తయారైన కారు ఒకటి ఉందనుకోండి. దాని ఇంజను, తలుపులు, దీపాలు, సీట్లు అన్నీ ఆనాటివే. చక్రాలు మాత్రం తుప్పుపట్టి పాడైపోయాయి. కొత్త చక్రాలు వేయాలి. బజారులో నిగనిగలాడే చక్రాలు ఎన్నో రకాలున్నాయి. వాటిలో ఏవి వేయాలి?

"గుండ్రంగా ఉంటే చాలదా?" అంటారేమో! చాలదు. తగని చక్రం వేస్తే ఆ కారు తన కాలాన్ని గురించి అబద్ధం చెబుతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. అది నడుస్తూ నడుస్తూ దారిలో చక్రాన్ని వదిలేయవచ్చు. అందుచేత ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చరిత్ర కొంత, లోహాల సంగతి కొంత, భౌతికశాస్త్రం కొంత, లెక్కలు కొంత తెలియాలి. ఈ నాలుగూ నాలుగు చక్రాల్లా కలిసి తిరిగితేనే మన బండి ముందుకు సాగుతుంది.

పాత కారంటే ఏ కారు?

వయసు మళ్ళిన ప్రతి కారూ భద్రపరచదగిన కారు కాదు. పాత వాహనాలను కాపాడే క్లబ్బులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి 1966లో "ఫీవా" అనే అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. దాని నిర్వచనం ప్రకారం వాహనానికి కనీసం 30 ఏళ్ళు నిండి ఉండాలి. చరిత్రకు సరిపోయే స్థితిలో దానిని కాపాడుతూ ఉండాలి. రోజువారీ రాకపోకలకు వాడకూడదు.

మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనలు ఇంకొంచెం గట్టివి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉన్న వాహనాన్నే "వింటేజ్" వాహనంగా నమోదు చేస్తారు. "అసలు రూపం" అన్న ఆ రెండు మాటలను గుర్తుంచుకోండి. మన పాఠమంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే నిజాంల నాటి రోల్స్ రాయిస్ కారు కనిపిస్తుంది. అది 1912 నాటిది. ఆ కారుకు ఈనాటి చక్రాలు తగిలించారని ఊహించండి. చూడగానే నవ్వు వస్తుంది కదూ! తాతగారు పంచె, కండువాలతో పెళ్ళికి బయలుదేరి, కాళ్ళకు ఆటల బూట్లు తొడుక్కున్నట్లు ఉంటుంది.

చక్రాన్ని చూసి కాలాన్ని చెప్పవచ్చు

చెట్టును అడ్డంగా కోస్తే లోపలి వలయాలు దాని వయసు చెబుతాయి. కారు సంగతిలో ఆ పని చక్రం చేస్తుంది. ఏ కాలంలో మనిషికి ఏ పదార్థం చవకగా దొరికిందో, దానిని మలిచే నేర్పు ఎంత ఉందో చక్రం మీద వ్రాసి ఉంటుంది.

మొదటిది కొయ్య చక్రం. మన ఎద్దుబండి చక్రాన్ని చూడండి. మధ్యలో దిమ్మ, దాని నుంచి నలువైపులా ఆకులు, వాటి చుట్టూ కొయ్య వలయం, ఆ వలయం మీద ఇనుప పట్టా ఉంటాయి. పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి, నీళ్ళు పోస్తారు. వేడికి వ్యాకోచించిన పట్టా చల్లారి సంకోచిస్తుంది. ఆ బిగింపుతో ఆకులన్నీ కదలకుండా కూర్చుంటాయి. తొలినాటి కార్లకు ఇలాంటి కొయ్య ఆకుల చక్రాలే ఉండేవి. 1908 నుంచి 1927 వరకు అమెరికాలో తయారైన ఫోర్డు మోడల్ టి కారును లక్షల మంది కొన్నారు. అందులో చాలా బళ్ళు కొయ్య ఆకుల మీదనే నడిచాయి. కొయ్య చక్రంలో బరువును క్రింది ఆకు మోస్తుంది. అంటే ఆ ఆకు నొక్కుడుకు లోనవుతుంది.

రెండవది తీగ చక్రం. మీ సైకిలు చక్రం దీని సోదరుడే. సన్నని స్పోకును నిలబెట్టి పైనుంచి నొక్కితే వంగిపోతుంది. అదే స్పోకును రెండు చివరలా పట్టి లాగితే ఎంతో బలాన్ని తట్టుకుంటుంది. అందుచేత అన్ని స్పోకులనూ ముందే బాగా లాగి బిగించి ఉంచుతారు. ఇటువంటి చక్రం ఊహ ఇంగ్లండుకు చెందిన జార్జి కేలీకి 1808లోనే వచ్చింది. స్పోకులను హబ్బుకు సూటిగా కాకుండా స్పర్శరేఖలా ఏటవాలుగా అమర్చే పద్ధతికి జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. తీగ చక్రం తేలిక. గాలి దాని గుండా పోయి బ్రేకులను చల్లబరుస్తుంది. అందుకే ఇంగ్లండులో స్పోర్ట్స్ కార్లకు అది చాలాకాలం రాచగుర్తుగా ఉండేది. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైపు కారును తీగ చక్రాలు లేకుండా ఊహించుకోవడం కష్టం.

ఆ కారు చక్రాన్ని హబ్బుకు బిగించేది మధ్యలో ఉండే ఒకే ఒక పెద్ద రెక్కల నట్టు. కారుకు ఒక ప్రక్క ఈ నట్టు మర కుడిచుట్టు, రెండవ ప్రక్క ఎడమచుట్టు. చక్రం తిరుగుతూ ఉంటే నట్టు వదులు కాకుండా బిగిసేందుకే ఈ ఏర్పాటు. సైకిలు రెండు పెడళ్ళకూ మరలు ఒకేవైపు ఉంటాయో లేదో మీ ఊరి సైకిలు షాపులో అడిగి చూడండి. ఆశ్చర్యపోతారు!

మూడవది నొక్కి తయారుచేసిన ఉక్కు చక్రం. ఉక్కు రేకును పెద్ద యంత్రం క్రింద పెట్టి, స్టీలు పళ్ళెం చేసినట్లు నొక్కి ఆకారం తెస్తారు. ఇది చవక, గట్టిది, మరమ్మతుకు లొంగేది. మన దేశంలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు చక్రాలు ఈ రకానివే. మధ్యలో తళతళలాడే మూత తీసేస్తే లోపల ఉండేది సాదా ఉక్కు చక్రమే.

నాలుగవది తేలిక లోహపు చక్రం. 1924లో ఫ్రాన్సులో బుగాటి టైపు 35 అనే పందెపు కారు పోత అల్యూమినియం చక్రాలతో బయటకు వచ్చింది. ఒక్కొక్క చక్రానికి బల్లపరుపుగా 8 ఆకులు. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతోపాటే పోతపోసి ఉండేది. అయినా ఈ రకం మామూలు జనం కార్లకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1960ల దశకంలోనే అవి విరివిగా కనిపించసాగాయి. ఇంగ్లండులో మెగ్నీషియంతో చేసిన 8 ఆకుల మినీలైటు, అమెరికాలో క్రోమియం పూత మెరుపుతో క్రాగర్ చక్రం, జర్మనీలో 1966లో పోర్షె 911 ఎస్ కారుకు వచ్చిన అయిదు రేకుల ఫూక్స్ చక్రం ఆ కాలపు బిడ్డలే.

ఫూక్స్ చక్రం పోతపోసినది కాదు, సాగగొట్టినది. పోతకూ సాగగొట్టడానికీ తేడా ఏమిటి? కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే, ఇడ్లీపిండి పళ్ళెంలో ఆకారం పొందినట్లు, లోహం ఆకారం పొందుతుంది. కాని లోపల చిన్న చిన్న గాలిబుడగలు మిగిలిపోవచ్చు. కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుమును సమ్మెటతో కొట్టినప్పుడు లోహపు కణాలు దగ్గరపడి ఒకే దిశలో సాగుతాయి. అటువంటి లోహం తక్కువ మందంలోనే ఎక్కువ బలం చూపుతుంది.

ఇప్పుడు చెప్పండి: ఫోర్డు మోడల్ టి కారుకు 1966 నాటి ఫూక్స్ చక్రం తగునా? తగదు. జాగ్వార్ ఇ-టైపుకు కొయ్య ఆకులు తగునా? అదీ తగదు. చక్రం పుట్టిన తేదీ, కారు పుట్టిన తేదీ ఒకదానికొకటి అందేంత దూరంలో ఉండాలి. కారు కొన్న ఏడాదిలోనో, తరువాత కొద్ది ఏళ్ళలోనో ఆనాటి యజమాని బజారులో ఏ చక్రం కొని వేసుకోగలిగేవాడో, దానినే "కాలానికి తగిన చక్రం" అంటారు.

ఒక కారును తీసుకుందాం

మాటలు చాలు, ఒక ఉదాహరణ చూద్దాం. ఇంగ్లండులో 1959 ఆగస్టులో మినీ అనే చిన్న కారు విడుదలైంది. 1956లో సూయజ్ కాలువ గొడవ వల్ల అక్కడ పెట్రోలుకు కటకట వచ్చింది. తక్కువ పెట్రోలు త్రాగే చిన్న కారు కావలసి వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు దానిని రూపొందించాడు. కారు పొడవు సుమారు 3 మీటర్ల 5 సెంటీమీటర్లు. అందులో నలుగురు కూర్చోవాలి. చక్రాలు పెద్దవైతే వాటికోసం లోపలి చోటును త్యాగం చేయాలి. అందుచేత ఇసిగోనిస్ చక్రాన్ని 10 అంగుళాలకు, అంటే 25.4 సెం.మీ.కు కుదించాడు. అంత చిన్న టైరును డన్‌లప్ కంపెనీ ప్రత్యేకంగా తయారుచేసింది.

ఈ బుడత కారు 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటి కార్లో ర్యాలీని గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. 2000లో తయారీ ఆగేనాటికి మొత్తం 53 లక్షలకు పైగా మినీలు రోడ్డెక్కాయి. 1984లో దీని చక్రాలను 12 అంగుళాలకు పెంచారు. ముందు చక్రాల లోపల పెద్ద డిస్కు బ్రేకులు పెట్టారు. మరో పుష్కరం గడిచాక కొన్ని మినీలకు 13 అంగుళాల చక్రాలు కూడా వచ్చాయి.

మన చేతిలో ఉన్నది 1965 నాటి మినీ అనుకుందాం. దుకాణదారు 13 అంగుళాల చక్రాలు చూపి "ఇవి వేస్తే బండి జోరుగా కనిపిస్తుంది" అంటాడు. మనం తొందరపడకుండా స్కేలు, పెన్సిలు తీద్దాం.

నాలుగు కొలతలు

ప్రతి చక్రానికీ నాలుగు ముఖ్యమైన కొలతలుంటాయి.

మొదటిది రిమ్ము వ్యాసం. టైరు కూర్చునే చోటు నుంచి దానికి ఎదురుగా టైరు కూర్చునే చోటు వరకు ఉన్న దూరం ఇది. బయటి అంచు నుంచి కొలవకూడదు.

రెండవది రిమ్ము వెడల్పు. 1965 నాటి మామూలు మినీకి ఇది 3.5 అంగుళాలు.

మూడవది బోల్టుల వలయం వ్యాసం. నాలుగు బోల్టులుంటే ఎదురెదురుగా ఉన్న రెండింటి కేంద్రాల మధ్య దూరం కొలిస్తే సరిపోతుంది. మరి అయిదు బోల్టులుంటే? ఏ బోల్టుకూ సరిగ్గా ఎదురుగా ఇంకొకటి ఉండదు! అప్పుడు ప్రక్కప్రక్కనే ఉన్న రెండు బోల్టుల కేంద్రాల మధ్య దూరం కొలిచి 1.7తో గుణించాలి. పదవ తరగతి వారు ఈ 1.7 ఎక్కడినుంచి వచ్చిందో త్రికోణమితితో రాబట్టండి. వలయ కేంద్రం దగ్గర రెండు బోల్టుల మధ్య కోణం 72 డిగ్రీలు. అందులో సగం 36 డిగ్రీలు. ఆ కోణం సైను విలువ 0.588. ఇక మిగిలింది ఒక్క భాగహారమే.

మినీకి నాలుగు బోల్టులు. వాటి వలయం వ్యాసం 4 అంగుళాలు, అంటే 101.6 మి.మీ. ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఈనాటి చిన్న కార్ల చక్రాలలో 100 మి.మీ. వలయం గలవి ఎన్నో దొరుకుతాయి. తేడా 1.6 మి.మీ. మాత్రమే! ప్రతి బోల్టుకూ 0.8 మి.మీ., అంటే కొన్ని కాగితాల మందం. "కొంచెం గట్టిగా బిగిస్తే సర్దుకుంటుంది" అనిపిస్తుంది. నట్టు ఎక్కుతుంది కూడా. కాని ప్రతి బోల్టూ లోపలికి కొద్దిగా వంగి ఉంటుంది. నట్టు తన గుంటలో నిండుగా కూర్చోక ఒక అంచు మీదే ఆనుతుంది. చక్రం తిరిగే ప్రతిసారీ ఆ బోల్టు కొద్దిగా వంగి, కొద్దిగా లేస్తుంది. ఒక ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. చివరకు పుటుక్కున తెగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు. మినీ చక్రం ఒక కిలోమీటరుకు సుమారు 650 సార్లు తిరుగుతుంది. ఆ బోల్టు ఎన్నిసార్లు వంగుతుందో మీరే లెక్కవేయండి. అది తెగేది ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు కాదు, రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు.

నాలుగవ కొలత చాలామంది మరిచిపోయేది. చక్రాన్ని హబ్బుకు ఆనించే తలం ఒకటి ఉంటుంది. రిమ్ము వెడల్పు సరిగ్గా మధ్య నుంచి ఆ తలానికి ఉన్న దూరాన్ని "ఆఫ్‌సెట్" అంటారు. ఇది మారితే చక్రం బయటకు పొడుచుకు వస్తుంది, లేదా లోపలికి పోయి స్ప్రింగుకూ గొట్టాలకూ రాసుకుంటుంది.

బయటకు వస్తే నష్టమేమిటి? ఒక చేతిని ముందుకు చాచి, మీ పుస్తకాల సంచిని మోచేతి దగ్గర తగిలించుకోండి. తరువాత అదే సంచిని అరచేతికి మార్చండి. బరువు మారలేదు. కాని భుజం నొప్పిపెడుతుంది. చక్రం బేరింగుకు జరిగేదీ ఇదే. మినీ ముందు చక్రం ఒక్కొక్కటి సుమారు 190 కిలోగ్రాముల బరువు మోస్తుందనుకుందాం. చక్రాన్ని 2.5 సెం.మీ. బయటకు జరిపితే, బేరింగు మీద అదనంగా పడే తిప్పు 190 × 2.5 = 475 కిలోగ్రాము-సెంటీమీటర్లు. ఇది కారు కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. గుంటలో పడినప్పుడు ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

టైరు లెక్క

టైరు ప్రక్కన అంకెలు వ్రాసి ఉంటాయి. 165/70 ఆర్ 10 అని ఉందనుకోండి. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు ఎత్తు దాని వెడల్పులో 70 శాతం. ఆర్ అంటే రేడియల్ రకం. 10 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో.

టైరు ఎత్తు = 165 × 70/100 = 115.5 మి.మీ.
మొత్తం వ్యాసం = 254 + (2 × 115.5) = 485 మి.మీ.

ఇప్పుడు దుకాణదారు చూపిన 13 అంగుళాల చక్రం సంగతి చూద్దాం. దానికి 175/50 ఆర్ 13 టైరు వేశారనుకుందాం.

టైరు ఎత్తు = 175 × 50/100 = 87.5 మి.మీ.
మొత్తం వ్యాసం = 330 + (2 × 87.5) = 505 మి.మీ.

రిమ్ము 3 అంగుళాలు పెరిగినా మొత్తం వ్యాసం 2 సెం.మీ. మాత్రమే పెరిగింది. ఎందుకంటే గాలి ఉండే మెత్తని భాగాన్ని కోసేసి, దాని స్థానంలో లోహం పెట్టాం. గతుకులు వచ్చినప్పుడు మొదట ఒత్తిడిని మింగేది ఆ గాలే. అది తగ్గితే కుదుపు తిన్నగా కారు అస్థిపంజరానికీ, దానితోపాటు మన వెన్నెముకకూ చేరుతుంది.

ఇంకొక సంగతి. స్పీడామీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చూపుతుంది. పాత వ్యాసానికి సరిచేసిన స్పీడామీటరు 60 చూపుతుంటే అసలు వేగం 60 × 505/485, అంటే సుమారు 62.5. డ్రైవరుకు తెలియకుండానే కారు ఎక్కువ వేగంతో పోతూ ఉంటుంది!

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది ముఖ్యం

ఈ ప్రయోగం చేసి చూడండి. టార్చిలైటులో వేసే లావుపాటి సెల్లు ఒకటి, సుమారు అంతే లావున్న ఇనుప గొట్టం ముక్క ఒకటి తీసుకోండి. ఒక పలకను ఏటవాలుగా పెట్టి, రెండింటినీ ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదలండి. ఏది ముందు క్రిందికి చేరింది? సెల్లు! గొట్టం బరువైనా, తేలికైనా వెనుకపడుతుంది. గొట్టానికి ద్రవ్యరాశి అంతా అంచునే ఉంది. సెల్లుకు లోపలంతా నిండి ఉంది. అంచున ఉన్న ద్రవ్యరాశిని త్రిప్పడానికి ఎక్కువ శ్రమ కావాలి. ఈ గుణాన్ని జడత్వ భ్రామకం అంటారు.

మన మినీకి దీనిని అన్వయిద్దాం. కారు వేగం పెరిగేటప్పుడు చక్రం ముందుకు సాగాలి, తిరగాలి కూడా. రిమ్ము అంచున ఉన్న ఒక్క కిలోగ్రాము ఇంజనుకు ఎన్ని కిలోగ్రాములుగా తోస్తుంది? రిమ్ము వ్యాసార్ధాన్ని టైరు వ్యాసార్ధంతో భాగించి, వచ్చినదాని వర్గానికి ఒకటి కలపాలి. 10 అంగుళాల చక్రానికి ఇది 1.27. 13 అంగుళాల చక్రానికి 1.43. అంటే రిమ్ము పెద్దదైన కొద్దీ ప్రతి కిలోగ్రామూ మరింత బరువుగా ప్రవర్తిస్తుంది. పందెపు కార్లవారు మెగ్నీషియం వెంటపడింది ఇందుకే. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.74 గ్రాములు ఉంటాయి.

అసలు పాతదా? పాతదాని పోలికగలదా?

"అయితే 1965 కారుకు 1960ల నాటి మెగ్నీషియం చక్రాలే వెదికి వేయాలి" అని మీరు తీర్మానిస్తారేమో! ఆగండి. మీ బడి ప్రయోగశాలలో మెగ్నీషియం తీగ మండడం చూశారు కదా? కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని వెలుగు. మందమైన చక్రం తీగలా వెంటనే అంటుకోదు కాని, ఒకసారి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. నీళ్ళు పోస్తే మంట మరింత పెరుగుతుంది. అదీగాక మెగ్నీషియం చురుకైన లోహం. తేమ, ఉప్పు తగిలితే త్వరగా క్షయమవుతుంది. దశాబ్దాలు గడిచిన చక్రం పైకి బాగానే కనిపించవచ్చు. లోపల సన్నని పగుళ్ళు పట్టి ఉండవచ్చు.

ఆ పగుళ్ళను కనిపెట్టడం ఎలా? ఇంట్లో ప్రయోగం చేయవచ్చు. పాతబడి, సన్నని గీతలు పడిన పింగాణీ కప్పు తీసుకోండి. దాని మీద సిరా రాసి, కొంతసేపు ఆగి, తడిగుడ్డతో తుడవండి. నునుపుగా ఉన్నచోట సిరా పోతుంది. బీటలలో దూరిన సిరా మాత్రం పోదు. అంతకుముందు కంటికి ఆనని బీటలు కూడా గీతలుగా తేలతాయి. సన్నని సందులలోనికి ద్రవం తనంతట తానే ప్రాకడాన్ని కేశనాళికీయత అంటారు. లోహపు చక్రాలను పరీక్షించేవారు కూడా ఇదే పద్ధతిని వాడతారు. రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లని పొడి చల్లుతారు. పగులు ఉంటే అందులోని రంగు పొడిలోనికి ఎక్కి గీతలా కనిపిస్తుంది.

తీగ చక్రానికి పరీక్ష ఇంకా సులభం. చిన్న ఇనుప పుల్లతో ఒక్కొక్క స్పోకునూ మెల్లగా తట్టాలి. బిగువుగా ఉన్నది వీణ తీగలా ఖంగుమంటుంది. వదులైనది టక్కుమని ఊరుకుంటుంది. మీ సైకిలు మీద ఇప్పుడే ప్రయత్నించండి. స్పోకులు రిమ్మును తొలుచుకొని పోయే పాత తీగ చక్రానికి లోపల ట్యూబు తప్పనిసరి. లేకపోతే ఆ రంధ్రాలగుండా గాలి పోతుంది.

పరీక్షలో నెగ్గని పాత చక్రం గోడకు తగిలించడానికే పనికివస్తుంది, రోడ్డుకు కాదు. అప్పుడు మంచి మార్గం ఏమిటంటే, అదే ఆకారంలో, అదే 10 అంగుళాల కొలతలో, ఈనాటి అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాన్ని వాడడం. ఇది మోసం కాదా? దాచిపెడితే మోసం. "ఈ చక్రాలు ఫలానా ఏడాది కొత్తగా చేసినవి" అని కారు కాగితాలలో వ్రాసి పెడితే అది నిజాయితీ. పాత ఉక్కు చక్రాలను పారవేయక, తుడిచి, రంగువేసి భద్రపరచాలి. రేపు ఎవరైనా కారును అసలు రూపానికి తీసుకురావాలంటే దారి మూసుకుపోకూడదు.

ఉక్కు చక్రం నట్లను తేలిక లోహపు చక్రానికి వాడరాదు. రెండింటి గుంటల ఆకారం వేరు కావచ్చు. అదీగాక వేడికి అల్యూమినియం ఉక్కుకన్న సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుచేత ఆ చక్రం కోసం చేసిన నట్లనే, ఎదురెదురు వరుసలో బిగించాలి. కొంతదూరం నడిపాక బిగువును మళ్ళీ సరిచూడాలి.

ఎంచుకొనే క్రమం

ఇంతవరకు చెప్పుకొన్నదానిని వరుసగా వ్రాసుకుందాం.

1. కారు తయారైన సంవత్సరం తెలుసుకోవాలి. ఆనాటి కంపెనీ పుస్తకాలు, ఫొటోలు చూసి, అప్పుడు ఏ చక్రాలుండేవో పట్టిక వేయాలి.

2. నాలుగు కొలతలూ తీయాలి. బోల్టుల వలయంలో ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా ఆ చక్రాన్ని వదిలేయాలి.

3. లోపల బ్రేకు పడుతుందో లేదో చూడాలి. 1984 తరువాతి మినీకి పెద్ద డిస్కులున్నాయి కనుక, పాతవని ముచ్చటపడి 10 అంగుళాల చక్రం తెచ్చినా అది ఎక్కదు.

4. టైరుతో కలిపి మొత్తం వ్యాసం లెక్కకట్టాలి. కారు పూర్తి బరువును ఆ చక్రమూ, ఆ టైరూ మోయగలవో లేదో చూడాలి.

5. పాత చక్రమైతే పగుళ్ళ పరీక్ష చేయించాలి.

6. ఇవన్నీ దాటిన తరువాతనే రంగు, మెరుపు, అందం.

మన 1965 మినీకి జవాబు తేలింది కదా! మొదటి ఎంపిక 10 అంగుళాల సాదా ఉక్కు చక్రం. కొంచెం ముస్తాబు కావాలంటే 10 అంగుళాల కొలతలోనే 8 ఆకుల తేలిక లోహపు చక్రం. 13 అంగుళాల చక్రం దుకాణంలోనే ఉండనిద్దాం.

వయసు మళ్ళిన యంత్రాన్ని చూసినప్పుడు రెండు తప్పుడు ఆలోచనలు కలుగుతాయి. పాతదంతా పనికిరానిదని ఒకటి, పాతదంతా పవిత్రమని ఇంకొకటి. రెండూ విజ్ఞానశాస్త్రానికి దూరమే. కొలిచి చూడాలి, తట్టి చూడాలి, లెక్కవేయాలి, ఆ తరువాతనే తీర్మానించాలి. ఆనాటి ఇంజనీరు ఆ చక్రాన్ని అలా ఎందుకు చేశాడో తెలుసుకున్నవాడే దానిని మార్చడానికి అర్హుడు.

మీరు చేయవలసిన పనులు

1. మీ వీధిలో కనిపించే అయిదు వాహనాల టైర్ల మీది అంకెలు వ్రాసుకొని, ఒక్కొక్కదాని మొత్తం వ్యాసం లెక్కకట్టండి. తరువాత టేపుతో కొలిచి పోల్చండి. నిలబడి ఉన్న టైరు క్రిందిభాగం కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. కొలత తగ్గితే కంగారుపడకండి.

2. ఎద్దుబండి ఆకు నొక్కుడుకూ, సైకిలు స్పోకు లాగుడుకూ లోనవుతాయి. రెండు చక్రాల బొమ్మలూ గీసి, బలాల దిశలను బాణాలతో చూపండి.

3. ఒక కారు టైరు మొత్తం వ్యాసం 560 మి.మీ. దానిని 588 మి.మీ. టైరుతో మార్చారు. స్పీడామీటరు 80 చూపుతున్నప్పుడు అసలు వేగం ఎంత?

(మూడవ ప్రశ్నకు జవాబు: 84)